హైదరాబాద్‌లో గోండు అమ్మాయి: ఆరు నిమిషాల స్టాప్‌మోషన్ షార్ట్ ఫిల్మ్ ప్లానింగ్, సలహాలు కావాలి

కీఫ్రేమ్_కిట్టు
అందరికీ నమస్కారం. ముగ్గురం కలిసి ఆరు నిమిషాల స్టాప్‌మోషన్ షార్ట్ ఫిల్మ్ మొదలుపెడుతున్నాం. ఉట్నూరు వైపు గూడెం నుంచి వచ్చిన గోండు అమ్మాయి, వయసు ఇరవై రెండు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్, నలుగురు సర్దుకునే రూము. మాటలు తక్కువ, ఊళ్లో ఉన్న నాయనమ్మతో ఫోన్‌లో మాత్రం గోండీలో మాట్లాడుతుంది. చివర్లో మెట్రో పిల్లర్ కింద గుస్సాడీ (గోండుల పండగ ఆట) టోపీ పెట్టుకుని ఆడుతుంది, చుట్టూ ఊరు అడవిగా మారిపోతుంది. రూము గోడల మీద గోండు పెయింటింగ్ స్టైల్‌లో బొమ్మలు కదలాలని కూడా ఉంది.
బొమ్మ సైజు, ఫ్రేముల లెక్క, లైటింగ్, ఏది ముందు ఏది వెనక, అన్నీ చెప్పండి.

ఉట్నూరు_ఎక్స్‌రోడ్
కథ మంచిగుంది తమ్మీ, గని ఆ చివరి సీన్ తీసెయ్యి. గుస్సాడీ కట్టేది మగవాళ్లు. అది కూడా దీపావళి టైముల దండారీ పండుగ నడిచే దినాలల్లనే, దీక్ష పట్టి. దీక్షల ఉన్నన్ని దినాలు స్నానం చెయ్యరు. మొదలు గుడిరేవు కాడ పద్మల్‌పురి కాకో దేవతకు మొక్కుతరు, ఆఖరుకు కోలబోడి అనే ముగింపు తంతు చేసి దించుతరు. ఆ నెమలీకల టోపీకి పూజ ఉంటది. ఎప్పుడంటే అప్పుడు పెట్టుకొని మెట్రో కింద ఆడే సామాను కాదది. నీ సినిమా గూడెంల చూపెడితే అందరికంటె ముందు గా అమ్మాయి నాయినమ్మనే లేచి బయటికి పోతది.

ఇగ గోండు పెయింటింగ్. చుక్కలు, సన్నగీతలు నింపి గీసే జింకలు, చెట్లు మధ్యప్రదేశ్‌ల పాటన్‌గఢ్ దిక్కు ప్రధాన్ గోండులయి. జన్‌గఢ్ సింగ్ శ్యామ్ 1980లల్ల భోపాల్ భారత్ భవన్‌కు వచ్చినంక లోకానికి తెలిసింది. ఆదిలాబాద్ గోండుల ఇండ్ల మీద అవి లేవు. గూగుల్‌ల 'గోండు ఆర్ట్' అని కొడితే అవే వస్తయి కాబట్టి ఊకె ఈ పొరపాటు అయితది. మా దిక్కు చూపెట్టాలంటే ఓజాలు అనే లోహపు పనివాళ్లు పోసే ఇత్తడి బొమ్మలున్నయి, ఉషెగాం, కేస్లాగూడల. ఆదిలాబాద్ డోక్రా అనే ఈ పనికి 2018ల జీఐ (భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. రూముల అమ్మాయి తాళంచెవికి చిన్న ఇత్తడి నెమలి ఏలాడితే చాలు, గోడంత బొమ్మలు అక్కరలేదు.

బొమ్మల_అరుగు
కథ సంగతి ఉట్నూరు అన్న చూసుకుంటారు, నేను బొమ్మ సంగతి చెప్తా.

స్కేలు 1:6. అయిదడుగుల అమ్మాయి పది అంగుళాల బొమ్మ అవుతుంది. పది బై పది రూము ఇరవై అంగుళాల చదరంలో పడుతుంది, మామూలు టేబుల్ సరిపోతుంది. 1:12కి దిగితే వేళ్లలో తీగ నిలవదు. 1:4కి పోతే సెట్ ఇంట్లో పట్టదు.

ఆర్మేచర్‌కి (బొమ్మ లోపలి అస్థిపంజరానికి) మెత్తటి అల్యూమినియం తీగ. వెన్నుకి, కాళ్లకి 3 ఎంఎం. చేతులకి 1.5 ఎంఎం రెండు పేటలు మెలేసి. వేళ్లకి 1 ఎంఎం. మెలిక చేత్తో వదులుగా వేయండి. డ్రిల్లు మెషిన్‌కి తగిలించి బిగుతుగా తిప్పితే తీగ అప్పుడే గట్టిపడిపోతుంది, షూటింగ్ మొదలైన వారానికే విరుగుతుంది. తొడ, పిక్క, దండచెయ్యి, ముంజెయ్యి దగ్గర ఎంసీల్ ముద్ద పెట్టి ఎముకలా చేయండి, కీళ్ల దగ్గర తీగ ఖాళీగా వదలండి. ఆ ఖాళీ సెంటీమీటరు కన్నా తక్కువుంటే వంపంతా ఒక్కచోటే పడి అక్కడే తెగుతుంది.

ముందు పోయేది మణికట్టు, తర్వాత చీలమండ. అందుకని మణికట్టు దగ్గర ఒకదాంట్లో ఒకటి దూరే చదరపు ఇత్తడి గొట్టాలు పెట్టి చెయ్యి ఊడదీసి మార్చుకునేలా చేయండి. గుండ్రటి గొట్టం పెడితే చెయ్యి తిరిగిపోతుంది. అమ్మాయికి కనీసం మూడు జతల చేతులు తయారుగా ఉండాలి: ఒకటి మామూలుది, ఒకటి ఫోన్ పట్టుకున్నది, ఒకటి పెన్ను పట్టుకున్నది.

పాదంలో ఎం3 నట్టు. సెట్ అడుగున 12 ఎంఎం ప్లైవుడ్, కింద నుంచి బోల్టు, వింగ్ నట్టు. అడుగు ప్లైవుడ్‌ని కనీసం మూడడుగుల ఎత్తున నిలబెట్టుకోండి, లేకపోతే ప్రతి అడుగుకీ పడుకుని బోల్టు బిగించాలి. ఇత్తడి గొట్టాలు, చిన్న నట్లు, బోల్ట్‌లు రాణిగంజ్‌లో చూడండి.

బొమ్మల_అరుగు
చర్మం మర్చిపోయా. ప్లాటినం క్యూర్ సిలికాన్ వాడతారు కదా, అచ్చుకోసం చేసే మట్టి బొమ్మలో గంధకం ఉండకూడదు. ఉంటే సిలికాన్ పైపొర ఎన్ని రోజులైనా బంకగానే ఉంటుంది. లేటెక్స్ గ్లోవ్స్ వేసుకుని కలిపినా ఇదే గొడవ, నైట్రైల్‌వి వాడండి. కొత్త మట్టి కొంటే ముందు గోటంత ముక్క మీద సిలికాన్ పోసి చూసుకోండి. నాయనమ్మకి పచ్చబొట్లు పెడితే ఆక్రిలిక్ రంగు వద్దు, రెండు రోజులు వంచేసరికి పెచ్చులూడుతుంది. సిలికాన్‌లోనే రంగు కలిపి, పల్చగా చేసి, సూదిమొనతో దించాలి.

ఉట్నూరు_ఎక్స్‌రోడ్
పచ్చబొట్లు అంటిరి కాబట్టి చెప్తున్న. మా దిక్కు అవి పొడిచేది తోటి అనే తెగ ఆడవాళ్లు. నెట్‌ల మధ్యప్రదేశ్ బైగా తెగ ఆడవాళ్ల ఫొటోలు చూసి ఒళ్లంత పెట్టకుర్రి. నాయినమ్మ ఈడు వాళ్లకు చేతుల మీద, మొఖం మీద ఏమున్నదో ఊర్లె అడిగి, ఒప్పుకుంటె ఫొటో తీసుకొని గీయుర్రి. ఇరవై రెండేండ్ల పిల్లకు మాత్రం పెట్టకుర్రి. ఆమె చేతికి స్మార్ట్‌వాచ్ ఉంటది, గదే నిజం.

2డి_రాజా
ఇంత తీగలూ సిలికానూ ఎందుకండీ? బ్లెండర్‌లో గ్రీజ్ పెన్సిల్‌తో (కంప్యూటర్ మీదే 2డి బొమ్మలు గీసి కదిలించే పరికరం) ముగ్గురు హాయిగా చేసేయొచ్చు. ఇంకా కావాలంటే తోలుబొమ్మలాట లుక్ ఇస్తే తెలుగుదనం వస్తుంది, ఫిల్మ్ ఫెస్టివల్స్‌లో బాగా పోతుంది.

ఉట్నూరు_ఎక్స్‌రోడ్
రాజా గారూ, తోలుబొమ్మ ఆంధ్రల నిమ్మలకుంట ఊరిది, గోండులకు దానితోటి ఏం సంబంధం లేదు. తెలుగుదనం తెచ్చి పెడితే ఆ అమ్మాయి కథ ఎక్కడ పాయె? రూముమేట్లు అందరు తెలుగు మాట్లాడుతుంటె ఒక్కతె ఫోన్‌ల గోండీ మాట్లాడుతది, గందుకోసమే కదా సినిమా.

ఎక్స్‌షీట్_శారద
2డి తప్పేం కాదు, కానీ చిన్న రూములో నలుగురి సామాన్లు, ఒకరి మంచం మీద ఇంకొకరి పుస్తకాలు, ఆ ఇరుకు చేత్తో చేసిన వస్తువుల్లో ఊరికే వచ్చేస్తుంది. వాళ్లు స్టాప్‌మోషన్ అనుకున్నారు కాబట్టి దాని లెక్కే చెప్తాను.

సెకనుకి 24 ఫ్రేములు, టూస్ మీద (ఒక్కో ఫొటోను రెండేసి ఫ్రేములు నిలిపి) తీస్తే సెకనుకి 12 ఫొటోలు. ఆరు నిమిషాలంటే 360 సెకన్లు, 4,320 ఫొటోలు. ఒక్క యానిమేటర్ రోజుకి నాలుగైదు సెకన్లు తీస్తే మంచి వేగమే. ఆ లెక్కన కెమెరా ముందు పనే 72 నుంచి 90 రోజులు, రీటేకులు కాకుండా. కెమెరా రా (RAW) ఫైలు ఒక్కోటి 28 ఎంబీ అనుకున్నా 120 జీబీ దాటుతుంది, రీటేకులు కలిపి దానికి రెట్టింపు, బ్యాకప్ వేరే డిస్కులో.

అందుకని యానిమాటిక్ పూర్తయ్యేదాకా బొమ్మ ముట్టుకోవద్దు. స్టోరీబోర్డు బొమ్మలు వరసగా పెట్టి, గొంతు, శబ్దాలు తాత్కాలికంగా వేసి, ఆరు నిమిషాలు చూడండి. అక్కడ పదిహేను సెకన్లు కోసేస్తే మూడు, నాలుగు రోజుల పని మిగిలినట్టే.

నడక: మామూలు మనిషికి అడుగుకి 12 ఫ్రేములు, అంటే టూస్‌లో ఆరు భంగిమలు. నాయనమ్మకి 18, 20 వరకు పోవచ్చు. కెమెరా కదిలే షాట్లు, కిటికీ బయట మెట్రో పోయే షాట్లు టూస్‌లో తీయొద్దు, రైలు ముక్కలు ముక్కలుగా దూకుతుంది. వన్స్‌లో (ఒక్కో ఫ్రేముకి ఒక్కో ఫొటో) తీయండి, లేదా రైలును విడిగా తీసి కంపోజిటింగ్‌లో కిటికీ వెనక పెట్టండి.

డ్రాగన్‌ఫ్రేమ్ సాఫ్ట్‌వేర్ కొనలేకపోతే హెరాన్ ఉచితం, ఆనియన్ స్కిన్‌కీ (ముందు ఫ్రేము పల్చగా కనబడటం) ఎక్స్‌పోజర్ లాక్‌కీ సరిపోతుంది.

కీఫ్రేమ్_కిట్టు
ఉట్నూరు అన్నా, సరే, గుస్సాడీ తీసేస్తున్నాం. పెయింటింగ్ కూడా. మరి ముగింపు ఇలా అనుకుంటున్నాం: దండారీ రోజులు, అమ్మాయికి పరీక్ష దగ్గరికొచ్చింది, ఊరికి పోలేదు. రాత్రి అన్నం తింటుంటే నాయనమ్మ ఫోన్ చేసి, మాట్లాడకుండా ఫోన్‌ను ఆట వైపు తిప్పి పట్టుకుంటుంది. స్పీకర్‌లో డప్పు, పెప్రె (సన్నాయి లాంటిది). అదే టైముకి మెట్రో పోతుంది, స్టీలు పళ్లెంలో చెంచా వణుకుతుంది. ఆ వణుకు మెల్లగా డప్పు దెబ్బకి కలుస్తుంది. టోపీ కనబడదు, ఎవరూ ఆడరు. ఇది నడుస్తుందా? పిల్లర్ దగ్గర రూములో గిన్నెలు నిజంగా వణుకుతాయా అని అడక్కండి, యానిమేషన్ కదా.

ఉట్నూరు_ఎక్స్‌రోడ్
ఇది నడుస్తది. ఇగ వివరాలు సరిజేసుకో.

ఏ ఏడాది కథనో ముందు తేల్చుకో. 2024 తరువాతిదైతె బస్సు మీద టీజీఎస్‌ఆర్టీసీ ఉండాలె, అంతకు ముందైతె టీఎస్‌ఆర్టీసీ. బండ్ల నంబర్లు కూడా గంతే, కొత్త బండికి టీజీ. ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కితె ఆడపిల్లకు 2023 డిసెంబర్ 9 నుంచి జీరో టికెట్. కండక్టర్ ఆధార్ చూస్తడు, పేరు చదువుతడు, టికెట్ కొడతడు. ఆ పేరు దగ్గర్నే నీ కథ మొదలైతది: ఆత్రం, సిడాం, మెస్రం, పెందూర్ అని ఇంటిపేరు చూసి సిటీల సగంమంది 'మహారాష్ట్రనా?' అంటరు. మాటలు లేకున్నా కండక్టర్ ఒకసారి కార్డు, ఒకసారి మొఖం చూసుడు చాలు.

బస్సు జేబీఎస్‌ల దిగుతది. ఆడికెళ్లి మెట్రో గ్రీన్ లైన్, పరేడ్ గ్రౌండ్ స్టేషన్ పక్కనే. సికింద్రాబాద్ వెస్ట్, గాంధీ ఆస్పత్రి, ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి. చిక్కడపల్లిల దిగి అశోక్‌నగర్ నడుస్తది. ఈ లైన్ 2020 ఫిబ్రవరిల తెరిచిన్రు, కథ అంతకు ముందుదైతె రైలు చూపెట్టకు.

గూడెం నుంచి తెచ్చుకునే సంచిల జొన్నపిండి, ఇప్పపూల లడ్డూలు ఉంటయి. గట్క (జొన్న సంకటి) రూముల వండుకుంటది, పక్కోళ్లు బిర్యానీ తెప్పించుకుంటరు. సెట్ల ఇప్పచెట్టు కింద పూలు రాలే షాట్ పెడితె మార్చి, ఏప్రిల్ పొద్దుగాల అని యాది ఉంచుకో. దీపావళి షాట్ పక్కన పెట్టకు. దీపావళికి చేన్ల పత్తి ఉంటది.

బొమ్మల_అరుగు
ఆధార్, టికెట్, లడ్డూ క్లోజప్పులకు 1:6 పనికిరాదు. ఇప్పపువ్వు 1:6లో రెండు, మూడు ఎంఎం అవుతుంది, గింజలా కనబడుతుంది. క్లోజప్పుల కోసం వేరే చెయ్యి పెద్ద సైజులో ఒకటి చేసుకోండి, ఆ షాట్లన్నీ ఒకేసారి తీసేయండి. కార్డు మీద నిజం ఆధార్ నంబరు ఎవరిదీ పెట్టొద్దు, వేలితో మూయండి.

బస్సు మొత్తం కట్టొద్దు. పదకొండు మీటర్ల బస్సు 1:6లో ఆరడుగులు. రెండు వరసల సీట్లు, ఒక కిటికీ, పైన పట్టుకునే కడ్డీ చాలు. రూము కిటికీ బయటకి కూడా అదే కిటుకు: దగ్గరి బాల్కనీ 1:6, వెనక ఇళ్లు 1:12, ఇంకా వెనక 1:24, చివర ట్రేసింగ్ పేపరు వెనక లైటు. వర్షం కావాలంటే గాజు మీద నీళ్లు వద్దు, లైటు వేడికి ఆరిపోయి ఫ్రేము ఫ్రేముకీ మారతాయి. గ్లిజరిన్ చుక్కలు పెట్టి సూదితో జరపండి.

చెంచా సంగతి. మాగ్నెట్‌తో వణికిద్దాం అనుకుంటారు, అదుపు తప్పుతుంది. చెంచా కాడ కింద సన్నటి తీగ అతికించి, పళ్లెం కింది నుంచి పట్టుకుని అర ఎంఎం చొప్పున జరపండి, వన్స్‌లో. స్టీలు పళ్లెంలో మీ చొక్కా, కెమెరా, ట్యూబులైటు అన్నీ కనబడతాయి. చీరపిన్నుతో గీకినట్టు కాకుండా, సన్న ఎమరీ కాగితంతో ఒకే దిక్కున రుద్ది మెరుపు చంపండి.

నల్లబట్టల_వెంకట్
లైటింగ్ ఎవరూ చెప్పలేదు. సినిమా పాడయ్యేది ఎక్కువగా ఫ్లికర్ (ఫ్రేము ఫ్రేముకీ వెలుగు మారడం) వల్లే, దానికి మూడు మూలాలు.

ఒకటి లెన్స్. ఆటో లెన్స్ ప్రతి ఫొటోకీ రంధ్రం తెరిచి మళ్లీ మూస్తుంది, ప్రతిసారీ ఒకేలా మూయదు. ఎఫ్11, ఎఫ్16 దగ్గర ఆ తేడా ఎక్కువ తెలుస్తుంది. అపర్చర్ రింగు ఉన్న పాత మాన్యువల్ లెన్స్ అడాప్టర్‌తో బిగించండి. ఎఫ్8, ఐఎస్ఓ 100, షట్టర్ అర సెకను నుంచి ఒక సెకను. వైట్ బ్యాలెన్స్ కూడా మాన్యువల్. బ్యాటరీ మారుస్తుంటే కెమెరా కదులుతుంది, డమ్మీ బ్యాటరీ పెట్టి గోడ కరెంటు ఇవ్వండి.

రెండోది కరెంటు. ఫిలమెంటు బల్బు వోల్టేజీ కాస్త పడితే చాలు మసకబారుతుంది. సాయంత్రం ఆరింటికి అపార్ట్‌మెంట్‌లో మోటారు వేస్తే మీ షాట్‌లో కనబడుతుంది. నాణ్యమైన ఎల్ఈడీలు, స్థిరమైన డీసీ సప్లై, వెనక ఆన్‌లైన్ యూపీఎస్. డిమ్మర్ తిప్పి వెలుగు తగ్గించకండి, చాలా చవక డిమ్మర్లు లైటును ఆర్పి వెలిగిస్తూ తగ్గిస్తాయి. లైటు దూరం జరపండి, లేదా ముందు బటర్ పేపర్ పెట్టండి.

మూడోది మీరే. తెల్ల చొక్కాతో ఒకసారి ఎడమ నిలబడి, ఒకసారి కుడి నిలబడి ఫొటో కొడితే బొమ్మ మొహం మీద వెలుగు మారుతుంది. నల్ల బట్టలు, ప్రతి ఫొటోకీ ఒకేచోట నిలబడటం.

ఇంకా: ఫ్యాన్ ఆపేయాలి. చున్నీ, జుట్టు, పేపర్లు ఫ్రేము ఫ్రేముకీ కదిలి ఉడుకుతున్నట్టు కనబడతాయి. చున్నీలో సన్న రాగితీగ కుట్టి, బట్టకి వెనక పల్చగా ఫెవికాల్ నీళ్లు రాయండి. ఏసీ వేస్తే రోజంతా ఒకే ఉష్ణోగ్రత ఉంచండి. మధ్యాహ్నం ఆపి మళ్లీ వేస్తే ప్లైవుడ్ బిగుసుకుని ఫ్రేము జరుగుతుంది, షాట్ మధ్యలో భోజనానికి పోయొచ్చినవాళ్లకి ఇది తెలుసు. నాపరాయి నేల ఉన్న గ్రౌండ్ ఫ్లోరు దొరికితే అదే తీసుకోండి.

చప్పుళ్లు
సౌండ్ ముందు, యానిమేషన్ తర్వాత. నాయనమ్మ గొంతు రికార్డు చేయకుండా నోరు ఆడించొద్దు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. మాట్లాడించిన ప్రతి చోటా ఒక నిమిషం ఖాళీ నిశ్శబ్దం కూడా రికార్డు చేసుకోండి, ఎడిటింగ్‌లో అతుకులు దాచేది అదే. ఆదిలాబాద్ గోండీకి, బస్తర్ వైపు గోండీకి చాలా తేడా ఉంది, కోయ ఇంకోటి. ఉట్నూరు అమ్మాయికి దంతేవాడ గొంతు పెడితే గూడెంలో నవ్వుతారు. డైలాగు తెలుగులో రాసి అనువాదం చేయించకండి. సందర్భం చెప్పి నాయనమ్మనే తన మాటల్లో మాట్లాడమనండి, ఆ పొడవుకు ఎక్స్‌షీట్ (ఏ ఫ్రేములో ఏం జరగాలో రాసే పట్టిక) రాసుకోండి.

వాద్యాలు: పెప్రె, డప్పు, పర్ర (డోలు) కలిసి ఆరుబయట మోగేటప్పుడు ఒక స్టీరియో మైకు, దగ్గరగా ఒకటి. ఫోన్ స్పీకర్ ఎఫెక్టు తర్వాత వేయడం కన్నా, మంచి రికార్డింగును నిజం ఫోన్‌లో ప్లే చేసి చిన్న గదిలో మళ్లీ రికార్డు చేయండి, సహజంగా వస్తుంది. ప్రధాన్‌ల కిక్రి (తీగల వాద్యం) మాత్రం డప్పు మీద నేపథ్యంగా కలపొద్దు. దాంతో పాడేవి గోండుల్లో ఆయా వంశాల దేవతల కథలు, వినే సందర్భం వేరు.

మెట్రో అనౌన్స్‌మెంటు నేరుగా వాడకుండా మీరే ఒక గొంతుతో చెప్పించుకోండి.

ఎక్స్‌షీట్_శారద
టైటిల్స్ గురించి ఒక మాట. పేర్లు గోండీ లిపిలో వేయాలనిపిస్తే రెండు లిపులున్నాయి, కలిపేయకండి. గుంజాల గోండి ఆదిలాబాద్ జిల్లా గుంజాల రాతప్రతులది, యూనికోడ్ 11లో 2018లో చేరింది. మసారం గోండి 1918లో మున్షీ మంగళ్ సింగ్ మసారం చేసినది, యూనికోడ్ 10లో వచ్చింది. మీకు కావాల్సింది మొదటిది. నోటో ఫాంటు ఉంది. చాలా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో గుణింతాలు, ఒత్తులు విడిపోతాయి. అందుకని బ్రౌజర్‌లో గానీ లిబ్రె ఆఫీస్‌లో గానీ టైపు చేసి, పీఎన్‌జీగా తీసి పెట్టండి. ఆ లిపి చదివేవాళ్లతో అక్షరం అక్షరం చూపించుకున్నాకే రెండర్.

ఉట్నూరు_ఎక్స్‌రోడ్
ఒప్పుదల సంగతి లేకుంటె ఇదంత దండుగ. ఊర్లె పటేల్‌ను, ఆ దిక్కు రాయి సెంటర్ (గోండుల పెద్దల పంచాయతీ) సార్మేడిని, అంటె దాని పెద్దను, కలువుర్రి. స్టోరీబోర్డు పట్టుకొని పోవాలె, ఉత్త మాటలు కాదు. ఏం రికార్డు చేస్తున్నరు, ఎక్కడ చూపెడతరు, పైసలు వస్తె ఎవరికి ఎంత, వద్దంటె తీసేస్తరా, ఇవి తెలుగుల ఒక్క పేజీ రాసి చదివి వినిపించుర్రి. గొంతిచ్చిన నాయినమ్మకు రోజు కూలి కాదు, నటులకిచ్చినట్టే పారితోషికం ఇయ్యాలె, పేరు ముందట వెయ్యాలె.

చప్పుళ్లు
దీనికి నమూనాలున్నాయి. స్క్రీన్ ఆస్ట్రేలియా 2009లో, టొరంటో ఇమాజినేటివ్ సంస్థ 2019లో ఆదివాసుల కథలతో సినిమా తీసేవాళ్లకి మార్గదర్శకాలు వేశాయి. ఒప్పందంలో ఏమేం రాయాలో వరసగా ఉంటుంది, మన ఊళ్లకి తగ్గట్టు మార్చుకోవచ్చు. ఒక సంగతి కిట్టు గారూ: ఇమాజినేటివ్‌కి (వాళ్ల ఫిల్మ్ ఫెస్టివల్‌కి) పంపాలనుకుంటే అక్కడ ఆదివాసులు చేసిన సినిమాలే తీసుకుంటారు. మీ ముగ్గురిలో ఎవరన్నా ఉన్నారా?

కీఫ్రేమ్_కిట్టు
లేరు. కథ రాసింది మా రూముమేట్ క్లాస్‌మేట్, ఆమెది నార్నూర్ మండలం. ఇప్పటిదాకా 'కథాసహాయం' అని వేద్దామనుకున్నాం.

ఉట్నూరు_ఎక్స్‌రోడ్
కథ ఆమెదైతె డైరెక్టర్ ఆమె. మీరు ముగ్గురు యానిమేషన్, కెమెరా, సెట్ చూసుకోర్రి. ఇంత సేపు ఆమెను ఈ థ్రెడ్‌ల ఎందుకు చేర్చలే?

కీఫ్రేమ్_కిట్టు
లింకు పంపించాను అన్నా. చదివి రెండు మాటలు చెప్పింది: స్టీలు పళ్లెం కాదు, రూములో అందరూ తినేది ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా మూతల్లో, నాయనమ్మ ఫోన్ పట్టుకోదు, పక్కింటి పిల్లాడు పట్టుకుంటాడు. రేపటి నుంచి తనే రాస్తానంది.

బొమ్మల_అరుగు
ప్లాస్టిక్ మూత అయితే ఎమరీ కాగితం పని తప్పింది. 1:6లో మూతకి మందుబిళ్లల స్ట్రిప్పు ప్లాస్టిక్‌ను వేడి నీళ్లలో మెత్తబరిచి అచ్చు మీద నొక్కండి, అంచు సరిగ్గా వస్తుంది. చెంచా శబ్దం మాత్రం మారుతుంది, చప్పుళ్లు గారూ, అది మళ్లీ రికార్డు చేయించండి.